చదివి వినిపించినవాడు

ఉత్తమ సాహిత్యం పరుల కథ చెబుతున్నట్లే చెప్పి, చివరకు పాఠకుని కథను పాఠకునికే అప్పగిస్తుందని పెద్దలంటారు. ఈ మాటను దాదాపు 30 ఏండ్లపాటు తరగతి గదిలో విద్యార్థులకు నేనూ చెప్పినాను. చెప్పినంతకాలం అది నాకు పాఠంలోని ఒక వాక్యం మాత్రమే. అందులోని బరువు ఎంతటిదో, ఒక జర్మన్ నవల చదివిన రాత్రి తెలిసివచ్చింది. ఆ నవలను గూర్చి, అది నాలో లేపిన ఒక పాత జ్ఞాపకాన్ని గూర్చి విద్యార్థి మిత్రులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఈ జ్ఞాపకాన్ని ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. మా ఇంట్లోవారికి కూడా చెప్పలేదు.

ఆ నవల పేరు 'డెర్ ఫోర్లేజర్'. చదివి వినిపించేవాడు అని ఆ పేరుకు అర్థం. రచయిత బెర్న్‌హార్డ్ ష్లింక్. ఆయన 1944లో జన్మించినాడు. న్యాయశాస్త్ర ఆచార్యుడుగా, న్యాయమూర్తిగా కూడా పనిచేసినాడు. 1995లో వెలువడిన ఈ నవలను కెరొల్ బ్రౌన్ జేన్‌వే 1997లో 'ది రీడర్' పేరుతో ఆంగ్లంలోనికి అనువదించింది. 2008లో స్టీఫెన్ డాల్డ్రీ దీనిని చలనచిత్రంగా తీయగా, కథానాయిక పాత్ర ధరించిన కేట్ విన్‌స్లెట్‌కు ఆస్కార్ బహుమానం లభించింది. నాకు మాత్రం ఈ పుస్తకం చిత్రానికి చాలా ముందే, ఒక ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాల గుట్టలో దొరికింది. అట్టమీద పేరు చూసి కొన్నాను. చదివి వినిపించేవాడు అనే మాటలో ఏదో నన్ను పిలిచినట్లయింది. ఆ పిలుపు ఎక్కడినుండి వచ్చిందో ఆనాడు తెలియలేదు.

కథను క్లుప్తంగా చెబుతాను. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి పదేండ్లకు పైగా గడచిన కాలం. మిహాయెల్ బెర్గ్ అనే 15 ఏండ్ల బాలుడు కామెర్ల వ్యాధి సోకి వీధిలో వాంతి చేసుకుంటాడు. దారిన పోయే ఒక స్త్రీ అతని ముఖం కడిగి, ఇంటిదాకా దిగబెడుతుంది. ఆమె పేరు హన్నా ష్మిట్జ్. వయస్సు 36 సంవత్సరాలు. ట్రాము బండిలో టికెట్లు కోసే ఉద్యోగం. కొన్ని నెలల తరువాత కోలుకున్న బాలుడు కృతజ్ఞత చెప్పుటకు పూలతో ఆమె ఇంటికి వెళతాడు. అట్లా మొదలైన పరిచయం ఉండకూడని సంబంధంగా మారుతుంది. బాలుడు దానిని ప్రేమ అనుకుంటాడు. ఆమె అతన్ని పేరుతో కాక 'చిన్నోడా' అన్న అర్థం వచ్చే పిలుపుతో పిలుస్తుంది. అతడు వచ్చిన ప్రతిసారి ఆమె కోరేది ఒక్కటే: ముందుగా పుస్తకం చదివి వినిపించాలి. లెస్సింగ్, షిల్లర్ నాటకాలు, హోమర్ కావ్యం, టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' అతడు చదువుతుంటే ఆమె ముగ్ధురాలై వింటుంది. పాత్రల తెలివితక్కువ పనులకు కోపగించుకుంటుంది.

ఒకనాడు ఆమె చెప్పాపెట్టకుండా ఊరు విడిచి వెళ్ళిపోతుంది. తన తప్పే ఏదో ఉన్నదనుకొని బాలుడు కుమిలిపోతాడు. సంవత్సరాలు గడుస్తాయి. న్యాయశాస్త్ర విద్యార్థిగా మిహాయెల్ ఒక కోర్టు విచారణ చూడబోతాడు. నాజీ నిర్బంధ శిబిరాలలో కాపలాదారులుగా పనిచేసిన ఐదుగురు స్త్రీలు ముద్దాయిలు. అందులో ఒకరు హన్నా. శిబిరం నుండి నడిపించుకొని పోతున్న వందలాది యూదు స్త్రీలను ఒక రాత్రి చర్చిలో పెట్టి తాళం వేసినారు. బాంబు పడి చర్చి అంటుకున్నది. తలుపులు ఎవరూ తీయలేదు. ఒక తల్లీ కూతురూ తప్ప అందరూ కాలిపోయినారు. ఆ సంఘటనపై నివేదిక వ్రాసింది హన్నాయే అని తక్కినవారు నేరమంతా ఆమెమీదికి నెట్టుతారు. చేవ్రాత పోల్చి చూద్దామని న్యాయస్థానంలో మాట రాగానే, హన్నా అది అవసరం లేదని, నివేదిక తానే వ్రాసినానని ఒప్పుకుంటుంది.

ఆ ఘట్టం తరువాతనే మిహాయెల్‌కు అసలు సంగతి తట్టుతుంది. హన్నాకు చదువను, వ్రాయను రాదు. అందుకే ఆమె కథలు చదివించుకొని విన్నది. అందుకే పదోన్నతి ఇస్తామన్నప్పుడల్లా, కాగితాలతో పని పడుతుందన్న భయంతో ఉద్యోగాన్నీ ఊరునూ విడిచి పారిపోయింది. అక్షరం రాదన్న సిగ్గు బయటపడటం కంటె, చేయని వ్రాతను చేసినట్లు ఒప్పుకొని యావజ్జీవ శిక్ష అనుభవించటమే ఆమెకు తేలికగా తోచింది. ఆ ఒక్క నిజం న్యాయమూర్తికి చెబితే శిక్ష తగ్గవచ్చును. మిహాయెల్ తత్త్వశాస్త్ర ఆచార్యుడైన తన తండ్రిని సలహా అడుగుతాడు. ఎదిగిన మనిషి తనకు ఏది మంచిదని ఎంచుకుంటుందో దానిని కాదని వెనుకనుండి చక్కదిద్దే హక్కు మనకు లేదని, కాని ఆమెతోనే నేరుగా మాట్లాడవలసి ఉన్నదని తండ్రి సారాంశంగా చెబుతాడు. మిహాయెల్ ఆమెతో మాట్లాడడు. న్యాయమూర్తి వద్దకు వెళతాడు గాని, ఆ సంగతి ఎత్తకుండానే తిరిగివస్తాడు.

ఒక మాట మధ్యలో చెప్పవలసి ఉన్నది. చిత్రం వచ్చిన కొత్తలో ఈ కథను ఒక ఖాళీ పీరియడులో తరగతిలో చెప్పినాను. 15 ఏండ్ల బాలుడు, 36 ఏండ్ల స్త్రీ అనగానే వెనుక బెంచీలలో నవ్వులు వినిపించినవి. వాడు అదృష్టవంతుడని ఎవరో మెల్లగా అన్నారు కూడా. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, "సార్, వయసులు అవే ఉంచి ఆడా మగా మార్చి చెప్పండి. 36 ఏండ్ల మనిషి, 15 ఏండ్ల అమ్మాయి. ఇప్పుడు నవ్వమనండి" అన్నది. గది నిశ్శబ్దమైపోయింది.

ఆ అమ్మాయి ప్రశ్న ఎక్కడినుండి వచ్చిందో అక్కడున్న అందరికీ తెలుసు. మన హైదరాబాదులో, పేదరికాన్ని ఆసరా చేసుకొని గల్ఫ్ దేశాలనుండి వచ్చిన ముసలివారికి పసిపిల్లలనిచ్చి నిఖా చేసిన కథలు మనకు కొత్తవి కావు. 1982లో సాగర్ సర్హదీ తీసిన 'బాజార్' చిత్రానికి వస్తువు అదే. తెలుగువారికి గురజాడ 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు ఉండనే ఉన్నాడు. వయసులో ఇంత అంతరం ఉన్నచోట ఇద్దరూ సమానులు కారు. పెద్దవారి చేతిలో అధికారం ఉంటుంది. చిన్నవారి చేతిలో నమ్మకం ఒక్కటే ఉంటుంది. 2012లో మన దేశంలో వచ్చిన పోక్సో చట్టం 18 ఏండ్లలోపు వారందరినీ, ఆడపిల్లయైనా మగపిల్లవాడైనా, బాలలుగానే పరిగణించింది. ష్లింక్ నవల కూడా ఆ సంబంధాన్ని మెచ్చుకోలేదు. ఒకసారి బాలుడు చీటీ వ్రాసిపెట్టి బయటికి వెళితే, చదవలేని హన్నా అతడు తనను విడిచిపోయినాడనుకొని బెల్టుతో ముఖంమీద కొడుతుంది. ప్రతి తగవులోను చివరకు తప్పు ఒప్పుకునేది బాలుడే. పెద్దవాడైన తరువాత అతని వివాహం నిలువలేదు. ఏ స్త్రీ సన్నిధిలోను మనస్సు నిలువలేదు. నవల చివర, చర్చి మంటలనుండి బ్రతికి బయటపడిన ఆ కూతురు, న్యూయార్కులో మిహాయెల్ చెప్పినది విని, హన్నా అతని జీవితానికి ఏమి చేసిందో అతనికంటె స్పష్టంగా చూస్తుంది. నవ్విన విద్యార్థులకు ఆనాడు నేను చెప్పగలిగిన సమాధానం ఇంతే.

ఇక నా కథకు వస్తాను.

మాది పాలమూరు వైపు ఒక పల్లె. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. మా దాదీమాకు కథలంటే ప్రాణం. రాత్రి భోజనాలు కాగానే కందిలి దగ్గరకు జరుపుకొని, "బేటా, కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరచినాను. జర నువ్వే చదువు" అనేది. ఊరికి వచ్చిన ఉత్తరాలు, వారానికొకసారి చేతికి అందే పాత అఖ్బారు, అన్నిటికంటె ముఖ్యంగా ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' నవలలు నేనే చదివి వినిపించేవాడిని. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ మా ఇంటి మనుషులైపోయినారు. హంతకుడు ఎవరో నాకంటె ముందుగా ఆమెయే చెప్పేది. చదివినందుకు పానుదానులోనుంచి ఒక సోపు పలుకో, చక్కెర బిళ్ళో తీసి ఇచ్చేది. ఆ పానుదానులోనే, శుభ్రమైన గుడ్డలో చుట్టిన కళ్ళజోడు ఉండేది. పదేండ్లు నిండకముందే నేను దానిని చూసినాను. ఆమె కళ్ళజోడు ఎన్నడూ మరచిపోలేదు. ఆమెకు అక్షరాలు రావు. చిన్ననాడు ఎవరో నేర్పిన తన పేరును మాత్రం ఉర్దూలో ముగ్గు వేసినట్లు గీయగలిగేది. ఆ సంతకం చూసి ఊరంతా ఆమెను చదువుకున్న మనిషి అనుకున్నది. ఊళ్ళో తక్కిన ఆడవారు వేలిముద్ర వేసేవారు. మా దాదీమా దస్కతు చేసేది. ఆ పేరే ఆమెకు హోదా.

ఆ రోజుల పరిస్థితి తెలియని నేటి విద్యార్థులకు ఒక లెక్క చెబుతాను. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 8.86 మంది మాత్రమే. నూటికి తొంభై మందికి పైగా చదువురాని లోకంలో చదువు రాకపోవటం సిగ్గుపడవలసిన సంగతే కాదు. కాని, వచ్చునని ఒకసారి పేరు పడిన తరువాత రాదని చెప్పటం చాలా కష్టం. హన్నా కథ అర్థం కావాలంటే ఈ భేదం అర్థం కావాలి.

1973లో మా చిన్నత్త పెండ్లికి డబ్బు అవసరమైంది. దాదీమాకు పుట్టింటివారిచ్చిన రెండెకరాల చెలక ఉండేది. దానిని రహన్ పెట్టి అప్పు తెద్దామని నిర్ణయమైంది. అప్పిచ్చేది దగ్గరి బంధువే. తెలంగాణలో సాదా కాగితం అంటే తెలియని రైతు ఉండడు. రిజిస్ట్రీ లేకుండా, మామూలు కాగితం మీద, పెద్దమనుషుల ముందు వ్రాసుకునే దస్తావేజు అది. మా ఊళ్ళో పాతకాలం చదువరులు అప్పటికీ ఉర్దూలోనే వ్రాసేవారు. మా వాకిట్లో చాప పరచి పదిమంది కూర్చున్నారు. కాగితం దాదీమా చేతికి ఇచ్చి, "చదువుకొని దస్కతు చెయ్యండి, ఆపా" అన్నారు. నేను ఆమె మోకాలికి ఆనుకొని కూర్చున్నాను. నాకు అప్పుడు 13 ఏండ్లు.

ఆమె కాగితం పట్టుకున్నది. ఒక మనిషి ఆ కాగితం చదువుటకు ఎంతసేపు పడుతుందో అంతసేపు దానివైపు చూసింది. కళ్ళు కుడినుండి ఎడమకు నడిపించింది. నేనూ చూసినాను. పై వరుసలో పెద్ద అక్షరాలతో 'బైనామా' అని ఉన్నది. రహన్‌నామా కాదు. తాకట్టు కాదు, అమ్మకం. నేను తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసినాను. ఆమె కూడా నావైపు చూసింది. ఆ చూపును ఇన్నేండ్ల తరువాత కూడా నేను స్పష్టంగా చూడగలను. కాగితంలో ఏమున్నదని అందులో ఆమె అడగలేదు. నోరు విప్పవద్దని అడిగింది. "చదివినాను" అని చెప్పి ఆమె తన పేరు గీసింది.

నేను ఒక్క మాట అంటే చాలు. "దాదీమా, ఇందులో బైనామా అని ఉన్నది" అంటే చాలు. కాని ఆ మాట అనడమంటే, ఆమె చదవలేదని పదిమంది మగవారి ముందు చాటడమే. ఆమె పరువు కాపాడుతున్నానని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. రాత్రి కందిలి దగ్గర ఆమెకు ఒంటరిగా చెప్పవచ్చును గదా అంటే, ఆ రాత్రి కూడా నేను ఇబ్నె సఫీ నవలే చదివినాను. ఆమె కూడా ఆ కాగితం మాట ఎత్తలేదు.

1975లో మా నాయన ఆ అప్పు డబ్బు కూడబెట్టి తీసుకొని పోతే, అది అమ్మకమని ఆ బంధువు కాగితం చూపించినాడు. పంచాయతీ జరిగింది. పెద్దమనుషులు దాదీమాను అడిగినారు: "ఆపా, మీరు చదివే దస్కతు చేసినారా? మీకు చెప్పినదొకటి, కాగితంలో ఉన్నదొకటి అంటే ఇప్పుడే చెప్పండి." చదువు రాదని ఆమె ఒక్క మాట చెబితే తీర్పు మరొక విధంగా ఉండేదని నేటికీ నా నమ్మకం. ఆమె కొంగు సవరించుకొని, "నేను చదివే చేసినాను" అన్నది. చెలక పోయింది. ఇల్లు చేరినాక మా నాయన ఆమెతో నెలరోజులు మాట్లాడలేదు. ఆమె కావాలనే అమ్మివేసి తన దగ్గర దాచిందని ఆయన అనుకున్నాడు. ఆ అనుమానం ఆయనకు చివరివరకు పోలేదు. ఆనాడు నాకు 15 ఏండ్లు. రెండవసారి కూడా నేను మౌనంగానే ఉన్నాను. 1983లో దాదీమా కన్నుమూసింది.

ఇప్పుడు పాఠకులకు తెలిసి ఉంటుంది, హన్నా న్యాయస్థానంలో నిలిచి నివేదిక తానే వ్రాసినానని ఒప్పుకున్న పుట దగ్గర నేను పుస్తకం ఎందుకు మూసివేసినానో. ఆ రాత్రి మళ్ళీ తెరవలేకపోయినాను.

ఈ పోలిక హద్దులు దాటరాదు. మా దాదీమా తన చెలకను పోగొట్టుకున్నది, అంతే. హన్నా చేతుల మీదుగా వందల ప్రాణాలు పోయినవి. శిబిరంలో కూడా ఆమె బలహీనులైన బాలికలను పిలిపించుకొని పుస్తకాలు చదివించుకున్నది. తరువాత వారు ఆష్‌విట్జ్ మరణశిబిరానికి పంపబడినారు. చదువు రాకపోవటం ఆమె పాపానికి సంజాయిషీ కాజాలదు. తలుపు తాళం తీయుటకు అక్షరజ్ఞానం అవసరం లేదు. ఈ విషయంలో నవలపై గట్టి విమర్శలు వచ్చినవి. అమెరికా రచయిత్రి సింథియా ఓజిక్ 1999లో లేవనెత్తిన ఆక్షేపణ ముఖ్యమైనది. చదువులో అగ్రస్థానంలో నిలిచిన జాతి ఆ ఘోరం చేస్తే, దానికి ప్రతినిధిగా ఒక నిరక్షరురాలిని నిలుపుట చరిత్రను పక్కదారి పట్టించడమని ఆమె వాదం. అందులో సత్యం ఉన్నది. నాజీ ప్రచారమంత్రి గోబెల్స్ హైడెల్‌బర్గులో సాహిత్యంలో డాక్టరేటు పొందినవాడు. యూదుల సంహారానికి ప్రణాళిక కుదుర్చుటకు 1942 జనవరి 20న వాన్సీలో సమావేశమైన 15 మందిలో 8 మంది డాక్టరేటు పట్టాలు గలవారు. కనుక చదువు మనిషిని దానంతటదే మంచివాణ్ణి చేస్తుందని ఎవరైనా అంటే, మన కళాశాల వేదికమీద కూడా, నమ్మకండి.

మరి చదువు వలన ప్రయోజనమేమి? ఈ ప్రశ్నకు నవల ఉత్తరార్ధంలో ఒక సమాధానం ఉన్నది. హన్నా జైలుకు వెళ్ళిన ఎనిమిదవ ఏట మిహాయెల్ పుస్తకాలను టేపులమీద చదివి ఆమెకు పంపడం ప్రారంభిస్తాడు. ఆమె జైలు గ్రంథాలయంలో అవే పుస్తకాలు తెచ్చుకొని, చెవితో విన్న మాటను కంటితో వెదకి, ఒక్కొక్క అక్షరమే నేర్చుకుంటుంది. నాలుగేండ్లకు తన చేతితో ఒక చీటీ వ్రాసి పంపుతుంది. చదవను వచ్చిన తరువాత ఆమె ఏరికోరి చదివినవి ప్రీమో లెవీ, ఎలీ వీజెల్ వంటివారి రచనలు, అనగా శిబిరాలనుండి బ్రతికి బయటపడినవారి సాక్ష్యాలు. తాను ఏమి చేసిందో ఆమె మొదటిసారిగా ఇతరుల మాటలలో చదువుకున్నది. 18 ఏండ్ల తరువాత విడుదల కావలసిన రోజు తెల్లవారుజామున ఆమె తన ప్రాణం తానే తీసుకున్నది. తాను కూడబెట్టిన కొద్దిపాటి డబ్బు ఆ బ్రతికిన కూతురికి ఇమ్మని వ్రాసిపెట్టింది. చదువు ఆమెను మంచిదాన్ని చేసిందని అనలేను. తప్పించుకొని పోయే దారులు మాత్రం అన్నీ మూసివేసింది.

నన్ను నిద్రపోనీయని సంగతి ఇంకొకటి ఉన్నది. ఆ చీటీ అందినప్పుడు మిహాయెల్ సంతోషించినాడు. గర్వించినాడు. కాని తిరిగి ఒక్క ఉత్తరం వ్రాయలేదు. టేపులు మాత్రమే పంపినాడు. అతని చేతివ్రాతలో ఒక పంక్తి కోసం ఆమె ఏండ్ల తరబడి ఎదురు చూసిందని చివరకు జైలు అధికారిణి చెబుతుంది. చదివి వినిపించటంలో ప్రేమ ఉన్నది, నిజమే. అందులో ఒక దూరం కూడా ఉన్నది. వినేవారు ఎప్పటికీ వినేవారుగానే ఉండాలని చదివేవాడు లోలోపల కోరుకోవచ్చును. పసివాడి నమ్మకం హన్నా చేతిలో ఎట్లా చిక్కిందో, నిరక్షరురాలి నమ్మకం అట్లాగే అతని చేతిలో చిక్కింది.

ఇది చదివిన తరువాత నన్ను నేను అడుగక తప్పలేదు. ఆ పదేండ్లలో ఎన్ని రాత్రులు కందిలి దగ్గర కూర్చున్నాను? "దాదీమా, ఇది అలిఫ్, ఇది బే" అని ఒక్కసారి ఎందుకు అనలేదు? పరువు మాట ఆ వాకిట్లో సరిపోవచ్చును. కందిలి దగ్గర పదిమంది లేరు, ఆమె, నేను మాత్రమే ఉన్నాము. నిజం చెబుతాను. ఇంట్లో చిన్నవాడినైన నాకు ఆ కొద్దిసేపు దొరికే పెద్దరికం వదులుకోవటం ఇష్టం లేదు. ఆమెకు చదువు వస్తే నాతో పని ఉండదు. మిహాయెల్ తండ్రి చెప్పిన మార్గం, అనగా వెనుకనుండి కాదు, ఎదుట కూర్చొని ఆమెతోనే మాట్లాడటం, నాకు ప్రతిరాత్రి తెరచి ఉన్నది. నేను ఆ దారిన పోలేదు. పరువు కాపాడుట అని నేను పేరు పెట్టుకున్నది, తూచి చూస్తే, పిరికితనం, స్వార్థం కలిసినదే.

ఆ పిల్లవాడిని క్షమించవచ్చునని మిత్రులు అనవచ్చును. 13 ఏండ్లవాడికి పదిమంది పెద్దల ముందు నోరు విప్పే ధైర్యం ఎక్కడిదని అనవచ్చును. అందుకు నేనూ అంగీకరిస్తాను. కాని 15 ఏండ్లు నిండినాక, 20 నిండినాక, ఉద్యోగంలో చేరినాక, మా నాయన బ్రతికి ఉండగానే, "ఆమె దాచలేదు, ఆమెకు చదవను రాదు" అని ఆయనకు చెప్పగలిగి ఉండి చెప్పని మనిషిని ఏమనాలి? తల్లిని అనుమానిస్తూనే ఆయన వెళ్ళిపోయినాడు. అక్కడ నాకు ఏ సంజాయిషీ దొరకలేదు.

చదువు ఏమి చేయగలదో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, సారా తెచ్చే చేటును గూర్చి వాచకంలో ఉన్న పాఠం చదివి దూబగుంట స్త్రీలు సారా అంగడి మూయించినారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ స్త్రీలకు ఎవరో చదివి వినిపించి ఉంటే బహుశా విని ఊరుకొని ఉండేవారు. తామే చదువుకున్నారు గనుక లేచి నిలబడినారు.

2011 లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి సుమారు 65 మంది. ఎంతో ముందుకు వచ్చినాము. కాని తక్కిన 35 మంది ఎక్కడో లేరు. మన ఇండ్లలోనే ఉన్నారు. ఈ పత్రిక చదివే విద్యార్థులలో ఎందరో బ్యాంకు కాగితం నింపేది, ఆసుపత్రి చీటీ చదివేది, ఫోనులో వచ్చిన సందేశం చూసి చెప్పేది తామే అయి ఉంటారు. "కళ్ళు సరిగా కనిపించటం లేదు బేటా" అనే మాట మీ ఇంట్లోనూ వినిపించవచ్చును. ఆ మాట విన్నప్పుడు నవ్వకండి. నలుగురి ముందు బయటపెట్టకండి. కాని విని, చదివిపెట్టి, అక్కడితో ఊరుకోకండి. తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా కూర్చొని, మొదటి అక్షరం చూపించండి. ఉర్దూలో గాని, తెలుగులో గాని, వారికి ఏది దగ్గరైతే అందులో.

మా చెలక పోయిన బాధ నాకు ఇప్పుడు లేదు. ఆ నేలను ఎవరో దున్నుకొని బ్రతుకుతున్నారు. దాదీమా పానుదాను మాత్రం మా ఇంట్లోనే ఉన్నది. అందులో గుడ్డలో చుట్టిన కళ్ళజోడు అట్లాగే ఉన్నది. మొన్న దానిని తీసి అద్దాలు తుడిచి పెట్టుకొని చూసినాను. అక్షరాలు చక్కగా కనిపించినవి.